పాత లారీలో డీజిల్ లీకు పట్టుకోవడం

డీజిల్ లీకు అనగానే బండి కింద పడే చుక్కే గుర్తొస్తుంది. నిజానికి అది సగం సంగతే. ట్యాంకు నుంచి సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల దాకా, అక్కడ మిగిలింది తిరిగి ట్యాంకు దాకా ఇంధనం తిరిగే దారి ఒకటుంది. ఆ దారిలో ఎక్కడైనా డీజిల్ బయటికి వచ్చినా లీకే, బయటి గాలి లోపలికి చొరబడినా లీకే. మొదటిది మరకగా కనిపిస్తుంది. రెండోదానికి మరక ఉండదు, వాసన ఉండదు. తెల్లవారుజామున ఎంత సెల్ఫ్ కొట్టినా ఇంజన్ అందుకోకపోవడమే దాని ఆనవాలు. మొదటి రకంలోనూ ఒక చిక్కుంది: చుక్క పడే చోటు ఒకటి, లీకు పుట్టే చోటు మరొకటి. పాత లారీ మీద లీకు వెతకడం ఒక విద్య అయింది ఈ రెండు కారణాల వల్లే.

పాత లారీ అంటే ఇక్కడ కామన్ రైల్, కంప్యూటర్ నియంత్రణ రాకముందు తయారైన బండి. ఇంజక్షన్ పంపులోని క్యామ్ షాఫ్టు తిరిగి, ప్లంజర్లను పైకి నెట్టి, ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఉక్కు గొట్టం ద్వారా డీజిల్ పంపే రకం. దీని చరిత్ర పొడవైనదే. రుడాల్ఫ్ డీజిల్‌కు జర్మనీలో 1893లో పేటెంటు దక్కినా, ఆయన తొలి ఇంజన్లు ఇంధనాన్ని గాలి ఒత్తిడితో సిలిండర్లోకి ఊదేవి. అందుకు పెద్ద కంప్రెసర్ కావాలి కాబట్టి అవి ఫ్యాక్టరీలకు, ఓడలకు సరిపోయాయే గాని లారీలో ఇమడలేదు. 1920లలో జర్మన్ కంపెనీలు లారీకి డీజిల్ ఇంజన్ ఎక్కించాయి. 1927లో రాబర్ట్ బాష్ సంస్థ ఇంజక్షన్ పంపుల తయారీ మొదలుపెట్టాక ఆ ఇంజన్ నిలదొక్కుకుంది.

మన దేశంలో ఈ పంపుకు వాడుక పేరు మైకో పంపు. బాష్ భాగస్వామ్యంతో 1951లో బెంగళూరులో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ పేరులోని మొదటి అక్షరాల కలయికే మైకో. 2008లో ఆ సంస్థ పేరు బాష్ లిమిటెడ్‌గా మారినా మేస్త్రీల నోట మైకో మాట పోలేదు. జంషెడ్‌పూర్‌లో టెల్కో 1954లో డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీల తయారీ మొదలుపెట్టింది, ఆ ఒప్పందం 1969తో ముగిసింది. ఆ తరువాత దశాబ్దాల పాటు దేశమంతా తిరిగిన టాటా లారీల్లోని 697 ఇంజన్ పేరులోనే దాని కొలత ఉంది: 6 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. మద్రాసు పక్కన ఎన్నూరులో తయారైన అశోక్ లేలాండ్ కామెట్ మరో పాతకాపు. వీటిలో చాలావాటి మరమ్మతుకు తెలుగునాట పెద్ద దిక్కు విజయవాడ జవహర్ ఆటోనగర్. 1960లలో మొదలైన ఆ పేటలో ఇంజన్ మేస్త్రీ వేరు, పంపు మేస్త్రీ వేరు. పంపు పని మీద ఉన్నవాళ్లు ఇంజన్ విప్పరు, ఇంజన్ పని చేసేవాళ్లు పంపు సీలు తాకరు. లీకు ఎవరి పరిధిలోదో తేల్చడమే మొదటి పంచాయితీ అవుతుంటుంది.

చుక్క చిన్నదే కదా అని వదిలేసేవాళ్ల కోసం ఒక లెక్క. మందుల కొలతలో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. డీజిల్ చుక్క నీటి చుక్క కంటే చిన్నది కాబట్టి 40 చుక్కలకు ఒక మిల్లీలీటరు అనుకుందాం. సెకనుకు ఒక చుక్క చొప్పున కారితే రోజుకు 86,400 చుక్కలు, అంటే రెండు లీటర్ల పైమాటే. పోయిన డీజిల్ ఖరీదుతో నష్టం ఆగదు. తారును కరిగించే గుణం డీజిల్‌కు ఉంది కాబట్టి లారీలు ఆగేచోట రోడ్డు మెత్తబడి కంకర లేచిపోతుంది. వాన పడ్డాక ఆ జిడ్డు మీద జారేది ద్విచక్ర వాహనాలవాళ్లు. లీకు బాగుచేయించడం బండి ఓనరు సొంత వ్యవహారం మాత్రమే కాదనడానికి ఇది చాలు.

డీజిల్ నడిచే దారి

వెతకాలంటే దారి తెలియాలి. ట్యాంకు లారీ చాసిస్ పక్కన, ఇంజక్షన్ పంపు కంటే దిగువన ఉంటుంది. అందులో మునిగిన గొట్టం నుంచి డీజిల్‌ను పైకి లాగేది ఫీడ్ పంపు. ఇది ఇంజక్షన్ పంపు పక్కనే బిగించి ఉంటుంది, దాని క్యామ్ షాఫ్టుతోనే నడుస్తుంది. చేత్తో కొట్టే హ్యాండ్ పంపు కూడా దీని మీదే ఉంటుంది, కింద చిన్న జాలీ గిన్నె. ఫీడ్ పంపు నుంచి డీజిల్ జంట ఫిల్టర్లకు, అక్కడి నుంచి ఇంజక్షన్ పంపు గ్యాలరీకి చేరుతుంది. ఈ మధ్య భాగంలో ఒత్తిడి ఒకటి రెండు బార్లకు మించదు. లారీ టైరులో గాలి అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఒత్తిడితో ఉంటుంది.

అసలు బలం ఇంజక్షన్ పంపు దాటాకే. డెలివరీ వాల్వును తెరుచుకుని ప్రెషర్ పైపులోకి వెళ్లే డీజిల్‌కు, నాజిల్ సూదిని ఎత్తడానికి సుమారు 200 బార్ల ఒత్తిడి కావాలి. టెస్ట్ బెంచీ దగ్గర మేస్త్రీలు దీన్నే రెండొందల కేజీలు అంటారు, చదరపు సెంటీమీటరుకు అన్నమాట. నిమిషానికి 2,400 చుట్లు తిరిగే ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో ఒక్కో పైపుకు సెకనుకు 20 సార్లు ఈ దెబ్బ తగులుతుంది. నాజిల్‌లో సూది పక్క నుంచి కొద్దిగా డీజిల్ ఊరడం దోషం కాదు, సూది అరిగిపోకుండా ఉండటానికి తయారీదారులే పెట్టిన ఏర్పాటు. ఆ ఊటను పోగుచేసి ట్యాంకుకు పంపేది ఓవర్‌ఫ్లో పైపు.

అంటే ఒకే బండిలో మూడు లోకాలున్నాయి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకు పీల్పు, ఫీడ్ పంపు నుంచి ఇంజక్షన్ పంపు వరకు మెల్లని నెట్టు, అక్కడి నుంచి నాజిల్ వరకు భీకరమైన ఒత్తిడి. లీకు ఏ లోకంలో ఉందో తేలితే సగం పని అయినట్టే. ఎందుకంటే ఒక్కోచోట లీకు ఒక్కో రూపంలో బయటపడుతుంది.

చుక్క కింద, లీకు పైన

ఇంజన్ ముందున్న ఫ్యాను గాలిని వెనక్కి తోస్తుంది. కారిన డీజిల్ ఆ గాలికి వెనక్కి పాకుతుంది, పైపుల అడుగున జారుతుంది, బ్రాకెట్ల అంచులు పట్టుకుని నడుస్తుంది, చివరికి ఎక్కడో గేరుబాక్సు దగ్గర కిందికి దిగుతుంది. అమెరికాలో ఫోర్డ్ పికప్ ట్రక్కులకు 1994 మోడల్ నుంచి వచ్చిన 7.3 లీటర్ల పవర్‌స్ట్రోక్ ఇంజన్ దీనికి మంచి ఉదాహరణ. అది వి ఆకారపు ఇంజన్. ఇంధన ఫిల్టరు గిన్నె రెండు సిలిండర్ వరసల మధ్య లోయలో కూర్చుని ఉంటుంది. గిన్నె కింది నీటి వాల్వులోని చిన్న రబ్బరు రింగు గట్టిపడితే డీజిల్ ఆ లోయలోకి దిగి, వెనక వైపు నుంచి జారి, ఇంజను, గేరుబాక్సు కలిసేచోట బొట్లుబొట్లుగా పడుతుంది. చూసినవాళ్లు క్రాంక్ షాఫ్టు వెనక ఆయిల్ సీలు పోయిందనుకుంటారు. సీలు మార్చాలంటే గేరుబాక్సు దించాలి. పోయింది మాత్రం పైన చేతికందే చోట ఉన్న చిన్న రింగు.

అందుకే వెతికేవాళ్లు పాటించే నియమం ఒకటే: తడి ఉన్న అతి ఎత్తైన చోటు, అతి ముందున్న చోటు ఎక్కడో చూడటం. ఏళ్ల తరబడి దుమ్మూ జిడ్డూ పేరుకున్న ఇంజన్ మీద ఇది సాధ్యం కాదు. ముందు కడగాలి. చాలా షెడ్లలో ఇంజన్‌ను డీజిల్‌తోనే కడిగే అలవాటుంది. లీకు వెతికేటప్పుడు మాత్రం అది పనికిరాదు, కడిగిన డీజిలేదో కారిన డీజిలేదో తేలదు. సబ్బు నీళ్లతో కడిగి, గాలి పట్టి పూర్తిగా ఆరనివ్వాలి. ఆరిన తరువాత అనుమానం ఉన్న జాయింట్ల మీద సుద్ద పొడి గానీ టాల్కమ్ పౌడరు గానీ పలచగా చల్లితే, కొద్దిపాటి చెమ్మ కూడా నల్లటి గీతగా బయటపడుతుంది. పెద్ద వర్క్‌షాపుల్లో ట్యాంకులో రంగు ద్రావణం కలిపి అతినీలలోహిత దీపంతో చూస్తారు. ఆ కాంతికి లీకు పసుపుపచ్చగా మెరుస్తుంది.

కారింది డీజిలో ఇంజన్ ఆయిలో తేల్చుకోవడానికి ఒక తెల్ల కాగితం చాలు. డీజిల్ చుక్క త్వరగా పాకి పలచటి మరకవుతుంది, వాసన చెప్పనే చెబుతుంది. వాడిన ఇంజన్ ఆయిల్ నల్లగా నడుమనే నిలబడిపోతుంది. నీటి చుక్క ఆరిపోతే మరక మిగలదు.

పరీక్ష ఒక్కసారి చేస్తే సరిపోదు. పాత రబ్బరు రింగులు రాత్రి చలికి బిగుసుకుని కారతాయి, ఇంజన్ వేడెక్కగానే ఉబ్బి మూసుకుంటాయి. ఉక్కు పైపులోని సన్నని పగులు దీనికి పూర్తిగా వ్యతిరేకం, ఇంజన్ గట్టిగా పనిచేసేటప్పుడే చిమ్ముతుంది. కాబట్టి ఒకసారి చల్లటి ఇంజన్ మీద, ఒకసారి లోడు లాగి వచ్చిన వెంటనే చూడాలి.

గాలి పట్టే లీకు

ఇదే అన్నిటికంటే విసిగించేది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న గొట్టంలో బయటి గాలి ఒత్తిడి కంటే తక్కువ ఒత్తిడి ఉంటుంది. అక్కడ చిన్న బీటున్నా ఇంజన్ నడిచేటప్పుడు డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. బండి ఆగాక ఆ గాలి పైకి ఎగబాకుతుంది, గొట్టంలోని డీజిల్ కిందనున్న ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున పంపులో గాలి తప్ప ఏమీ ఉండదు. డీజిల్ నలగదు కాబట్టి 200 బార్ల ఒత్తిడి పుట్టించగలదు. గాలి స్పంజిలా నలిగిపోతుంది, ప్లంజర్ ఎంత నెట్టినా నాజిల్ సూది లేవదు. డ్రైవర్లు దీన్నే ఎయిర్ పట్టిందంటారు. క్లీనరు బానెట్ ఎత్తి హ్యాండ్ పంపు కొడతాడు, ఫిల్టరు మీది స్క్రూ వదులుచేస్తే బుసబుసా నురగ వస్తుంది, నురగ ఆగి నిండు ధార వచ్చాక బిగిస్తాడు, బండి అందుకుంటుంది. మర్నాడు మళ్లీ అదే కథ.

నురగ ఎంతసేపు కొట్టినా ఆగకపోతే గాలి వస్తూనే ఉందని అర్థం. ఎక్కడి నుంచి వస్తోందో తేల్చడానికి బాగా పనికొచ్చే సాధనం తాపీ మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక గొట్టం. దాని ముక్కను ఫీడ్ పంపుకు ముందు కొంతసేపు కలిపితే గాలి బుడగలు కంటికే కనిపిస్తాయి. బుడగలు వస్తే తప్పు ట్యాంకు వైపుంది, రాకపోతే ఫీడ్ పంపు మీదో ఆ తరువాతో ఉంది. ఈ గొట్టం పరీక్షకే, డీజిల్‌కు త్వరగా గట్టిపడి చిట్లుతుంది కనుక బండి మీద వదిలేయకూడదు.

రెండో పద్ధతి ఇంకా తెలివైనది. శుభ్రమైన డీజిల్ డబ్బాను ఇంజన్ కంటే ఎత్తున కట్టి, దాని గొట్టాన్ని నేరుగా ఫీడ్ పంపుకు కలుపుతారు. ట్యాంకు, దాని పైపు మొత్తం పక్కకు తప్పుకున్నట్టే. ఇప్పుడు బండి చక్కగా నడిస్తే దోషం ఆ పక్కన పెట్టిన భాగానిదే. పైగా ఎత్తు నుంచి డీజిల్ దిగుతున్నందువల్ల ఇంతకుముందు గాలి పీల్చిన జాయింటు ఫీడ్ పంపు మీద ఉంటే అది ఇప్పుడు చుక్క కారుస్తుంది, కనపడని లీకు కనపడే లీకుగా మారుతుంది. వెతుకులాటలో ఇంతకు మించిన ఉపాయం లేదనే చెప్పాలి.

దోషి సాధారణంగా చిన్నదే. జాలీ గిన్నె కింద ఎండిపోయిన వాషరు, క్లిప్పు కింద పగిలిన రబ్బరు గొట్టం, చాసిస్‌కు రాసుకుని అరిగిన పైపు, ట్యాంకులో మునిగే గొట్టం పైభాగంలో తుప్పు బెజ్జం. హ్యాండ్ పంపు గుండీని వాడాక కిందికి బిగించకుండా వదిలేసినా దాని రింగు గుండా గాలి పోతుంది. గొట్టాన్ని బయటి నుంచి చూసి సరిపెట్టుకోకూడదు. పాత రబ్బరు వంచి చూస్తేనే పగుళ్లు తెరుచుకుంటాయి.

ఒత్తిడి వైపు: చెయ్యి పెట్టకూడని చోటు

ప్రెషర్ పైపు బయట సుమారు 6 మిల్లీమీటర్లు, లోపలి రంధ్రం 2 మిల్లీమీటర్ల లోపు. అంత మందపాటి ఉక్కు గొట్టం పగిలేది ఒత్తిడికి కాదు, వణుకుకు. పైపులను కట్టిపెట్టే క్లిప్పులు ఏదో ఒక మరమ్మతులో విప్పి మళ్లీ పెట్టకపోతే, పైపు ఏళ్ల తరబడి వణికి మెడ దగ్గర వెంట్రుక వాసి పగులిస్తుంది. మరో తరచు కారణం సిలిండర్ల పరీక్ష. ఏ నాజిల్ పనిచేయడం లేదో తెలుసుకోవడానికి మేస్త్రీలు ఒక్కో పైపు నట్టు వదులుచేసి ఇంజన్ చప్పుడు వింటారు. ఆ తరువాత ఒకటి సరిగా బిగియకపోతే అక్కడి నుంచే తడి మొదలవుతుంది. నట్టు బిగించేటప్పుడు పంపు మీది డెలివరీ హోల్డరును ఇంకో పానాతో పట్టుకోవాలి. లేకపోతే హోల్డరే తిరిగి, దాని కింది సీలు దెబ్బతిని, లేని లీకు కొత్తగా పుడుతుంది.

ఇంజన్ నడుస్తుండగా ఈ పైపులను వేలితో తడిమి చూడటం అత్యంత ప్రమాదకరం. సన్నని పగులు నుంచి వచ్చే ధార కంటికి కనపడకపోవచ్చు, చర్మాన్ని మాత్రం సూదిలా దూసుకుపోతుంది. డీజిల్ ఇంజన్ ధార కండలోకి చొచ్చుకుపోయిన సంఘటన 1937లోనే అమెరికా వైద్య సంఘం పత్రికలో నమోదైంది. పైకి కనిపించేది చిన్న చుక్కంత గాయం, మొదట్లో పెద్దగా నొప్పి కూడా ఉండదు. లోపల డీజిల్ కండర పొరల వెంబడి పాకి కణజాలాన్ని చంపుతుంది. గంటల్లోపు శస్త్రచికిత్స జరగకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యి తీసేయాల్సి వస్తుంది. ఇలాంటి గాయంతో ఆసుపత్రికి వెళ్లినవాళ్లు సూది గుచ్చుకుందని కాక, ఇంజన్ పైపు నుంచి డీజిల్ దూరిందని స్పష్టంగా చెప్పాలి. వెతకడానికి వాడాల్సింది వెడల్పాటి అట్టముక్క. దాన్ని పైపు వెంబడి కదిపితే ధార తగిలినచోట తడి గీత పడుతుంది. చెయ్యి దూరంగానే ఉంటుంది.

నిప్పు సంగతీ మరువకూడదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం డీజిల్ ఆవిరి అంటుకునే ఉష్ణోగ్రత కనీసం 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. వేసవిలో రెంటచింతల, రామగుండం నీడలోనే ఆ అంకె దాటిపోతాయి, బానెట్ కింద సంగతి చెప్పనక్కర్లేదు. ఎర్రగా కాగిన ఎగ్జాస్టు మీద డీజిల్ పొగమంచులా పడితే నిప్పురవ్వ కూడా అవసరం లేదు.

బయటపడని లీకు

డీజిల్ కారుతుంది గాని నేల మీద చుక్క ఉండదు, బండిలో గాలీ పట్టదు. మైలేజీ తగ్గుతుంది, అంతే. అప్పుడు తీయాల్సింది ఆయిల్ గేజి. ఫీడ్ పంపు పిస్టన్‌ను నెట్టే కడ్డీ అరిగినా, ఇంజక్షన్ పంపు ప్లంజర్లు అరిగినా, డీజిల్ పంపు కింది గదిలోని ఆయిల్లోకి దిగుతుంది. కొన్ని పంపులకు సొంత ఆయిల్ ఉంటుంది, కొన్నింటికి ఇంజన్ ఆయిలే వచ్చిపోతుంది. రెండో రకమైతే డీజిల్ నేరుగా ఇంజన్ ఛాంబరులోకి చేరుతుంది. ఓవర్‌ఫ్లో పైపు వాల్వు కవరు కింద దాగి ఉండే ఇంజన్లలో ఒక్క వాషరు పోయినా ఇదే జరుగుతుంది. నడుస్తున్న ఇంజన్లో ఆయిల్ తగ్గాలి గాని పెరగకూడదు. గేజి మీద గీత పైకి జరిగిందంటే, ఆయిల్ వేళ్ల మధ్య నీళ్లలా జారుతుంటే, బండిని అక్కడే ఆపాలి. పలచబడిన ఆయిల్‌తో ఇంకో ట్రిప్పు కొడితే క్రాంకు బేరింగులు పోతాయి. అప్పుడయ్యే ఖర్చు ముందు ఫీడ్ పంపు ధర లెక్కలోకి రాదు.

ఇంధనం మారితే సీలు కారింది

ఒక్కోసారి దోషం బండిది కాదు, డీజిల్‌ది. అమెరికాలో 1993 అక్టోబరు 1 నుంచి రోడ్డు వాహనాల డీజిల్‌లో గంధకాన్ని మిలియనుకు 500 పాళ్లకు తగ్గించారు. కాలిఫోర్నియా అదే రోజు నుంచి ఆరోమాటిక్ పదార్థాలకూ హద్దు పెట్టింది. ఆ వెంటనే బాగా నడుస్తున్న పాత ట్రక్కులు, ట్రాక్టర్లు పంపుల దగ్గర కారడం మొదలుపెట్టాయి. కారణం రబ్బరులో ఉంది. నైట్రైల్ రబ్బరు రింగులు ఏళ్ల తరబడి ఆరోమాటిక్ పదార్థాలను పీల్చి ఉబ్బి ఉండేవి, ఆ ఉబ్బే వాటికి బిగువు. కొత్త డీజిల్‌లో ఆ పదార్థాలు తగ్గగానే రింగులు కుంచించుకుపోయాయి. కొత్త రింగులున్న పంపులకు ఏమీ కాలేదు, వయసు మీరి సాగే గుణం పోయినవే కారాయి.

మన దేశంలోనూ గంధకం మెట్లుమెట్లుగా దిగింది. 2010లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో 50 పాళ్ల డీజిల్ వచ్చింది, 2017 ఏప్రిల్‌లో దేశమంతటికీ అదే ప్రమాణమైంది, 2020 ఏప్రిల్ 1 నుంచి 10 పాళ్లే. పాత లారీ ఓవర్‌హాలుకు వచ్చినప్పుడు పాత రబ్బరు రింగులన్నీ ఒకేసారి, ఫ్లోరో రబ్బరు రకంతో మార్చడం మంచిదనడానికి ఈ అనుభవమే ఆధారం.

దారిలో కట్టు, షెడ్డులో మందు

లారీ డ్రైవర్లకు తెలిసిన తాత్కాలిక వైద్యం ఒకటుంది. ట్యాంకుకు బీట వేస్తే బట్టల సబ్బును మెత్తగా పిసికి ఆ బీటలోకి రుద్దుతారు. సబ్బు నీటికి కరుగుతుంది గాని డీజిల్‌కు కరగదు, కాబట్టి షెడ్డు చేరేదాకా ఆగుతుంది. ఎం-సీల్ ముద్ద ఇంకాస్త ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇవి ట్యాంకుకు, ఒత్తిడి లేని చోటుకు మాత్రమే. ప్రెషర్ పైపు పగిలితే దానికి అతుకు లేదు, వెల్డింగ్ లేదు. అదే పొడవు, అదే రంధ్రం ఉన్న కొత్త పైపే వేయాలి. పొడవు తేడా వస్తే ఆ సిలిండర్‌కు డీజిల్ చేరే వేళ మారిపోతుంది.

డీజిల్ గొట్టాలను బిగించే బ్యాంజో బోల్టుల రాగి వాషర్లది మరో తీరు. ఒకసారి నలిగిన రాగి గట్టిపడుతుంది, మళ్లీ బిగిస్తే ఒదగదు. ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే మెత్తబడి మళ్లీ పనికొస్తుందన్నది నిజమే. ఉక్కుకు పదును పెట్టే ఆ పనే రాగిని మెత్తబరుస్తుంది. అయినా కొత్త వాషరు దొరికేచోట పాతదాన్ని కాల్చుకుంటూ కూర్చోవడం దండగ. కారుతోందని బోల్టును బలం కొద్దీ బిగించడం ఇంకా చెడ్డ అలవాటు. అల్యూమినియం ఫిల్టరు తలలో మరలు ఊడి వచ్చేది అందువల్లే.

ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదకరమైనది. డీజిల్ తీసేశాక లోపల మిగిలే ఆవిరికి వెల్డింగ్ మంట తగిలితే ట్యాంకు పేలుతుంది. ఆవిరి పట్టి కడిగించి, సాధ్యమైనంత వరకు నీళ్లతో నింపి, అతికే చోటు మాత్రమే ఖాళీగా ఉంచి పని చేయడం తెలిసినవాళ్ల చేతికే ట్యాంకు అప్పగించాలి.

పని పూర్తయ్యాక బండిని ఒక రాత్రి చదును నేల మీద నిలిపి, కింద శుభ్రమైన అట్టలు పరుస్తారు. ఇంజన్ కింద ఒకటి, ఫిల్టర్ల కింద ఒకటి, ట్యాంకు కింద ఒకటి. మర్నాడు పొద్దున హ్యాండ్ పంపు తాకకుండా మొదటి సెల్ఫ్‌కే ఇంజన్ అందుకుంటే గాలి లీకు పోయింది. అట్టలు పొడిగా ఉంటే బయటి లీకు పోయింది. నూరు కిలోమీటర్లు లోడుతో తిరిగి వచ్చాక నట్లకు పానా ఒకసారి తగిలించి, ఆయిల్ గేజి మీద గీత ఎక్కడుందో చూసి, ఆ అంకెను బండి పుస్తకంలో రాసుకుంటారు.